కోసిన ఆకులు

కొత్త బొమ్మల కథల పుస్తకంలో చివరి ఆకులు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారని కురుమూర్తి కనిపెట్టేసరికి, కర్నూలు బస్సు రావడానికి ఇంకా కొద్దిసేపే ఉంది.

ఆ బస్సులో ఏజెంటు దిగుతాడు. గద్వాల బస్టాండు పక్కన కురుమూర్తి నడిపే రేకుల బంకులో అద్దెకిచ్చే పుస్తకాలన్నీ అతనివే. ఇంకొక్క పుస్తకం పాడైనా బంకు వేరేవాళ్లకు అప్పజెబుతానని పోయినసారే చెప్పి వెళ్లాడు. పదో తరగతి తప్పినప్పటి నుంచి కురుమూర్తి బతుకంతా ఆ బంకే. అట్టలు వేయడం, ఊడిన కుట్లు సూదితో బిగించడం, ఎండ దిక్కున గోనెపట్టా దించడం.

ఒకప్పుడు ఆ కథల్లో వీరుడు ఆకాశంలో ఎగిరేవాడు. తూటా తగిలితే తూటాయే వంగేది. ఈమధ్య ఎవరు రాస్తున్నారో గానీ, వాడికి నెత్తురు కారుతోంది. కిందటి పుస్తకంలో నీళ్లలో పడ్డ పిల్లను కాపాడలేక ఒడ్డున కూలబడి ఏడ్చాడు. పిల్లలు పాతవే అడుగుతున్నారు. పెద్దవాళ్లు మాత్రం కొత్తవాటికి ఎగబడుతున్నారు.

నిన్న సాయంత్రం ఈ పుస్తకం తీసుకెళ్లింది నేతగాడు బాలరాజు ఒక్కడే. పొద్దున బంకు తెరిస్తే, తలుపు సందులోంచి లోపలికి తోసేసి ఉంది. మొహం చాటేశాడంటే దొంగ వాడే.

కురుమూర్తి సైకిలెక్కాడు. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాడు. నేతగాళ్ల వీధి మలుపు తిరిగాక నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఒక్క మగ్గం చప్పుడూ లేదు. వీధిలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా అక్కడ ఎవరూ నేయరు.

ఓ ఇంటి వాకిట్లో శంకరయ్య శవాన్ని పడుకోబెట్టారు. పక్కనే బాలరాజు.

గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులూ మెలివేయడానికి ఒకే మగ్గం గుంటలో ఇద్దరు కూర్చోవాలి. పెళ్లిళ్లు కాకముందు నుంచీ వీళ్లిద్దరిదీ ఒకే గుంట. శంకరయ్య ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాక, బాలరాజు రోజూ ఆ మంచం పట్టె మీద కూర్చుని ఈ కథలు చదివి వినిపించేవాడు.

కురుమూర్తి సైకిలు గోడకు ఆనించి నిలబడ్డాడు. దూరంగా బస్సు హారన్ వినిపించినా కదల్లేదు. బాలరాజే తల ఎత్తకుండా అన్నాడు.

“నేనే కోసిన మూర్తన్నా. ఆఖరికి గా వీరుడు గూడ నెత్తురు కక్కి సచ్చిపోతడు. గది శంకరన్నకు ఎట్ల సదివి సెప్పాలె? లేచి ఎగిరిపోయిండని సెప్పిన. ‘ఎగిరేటోడు నాకెందుకురా? నా లెక్కనే భయపడ్డడా లేదా, గది సెప్పు’ అన్నడు. నేను నిజం సెప్పకముందే తెల్లారెవరకు పాయె. ఆయన అడిగింది గా ఆకులల్లనే ఉన్నదని, కోసి ఆయన చెయ్యి కింద పెట్టిన. నీ బంకు పోతదంటే నువ్వే తీస్కో, అన్నా. నాతోని మాత్రం కాదు.”