కోటలో ఉన్నదెవరు

పులిహోర ఇంకా పొగలు కక్కుతుండగానే మూట కట్టమని అత్త కాంతమణి తొందరపెట్టింది. "పెద్దమనుషులొస్తున్నరు. జెర ముఖం మంచిగ పెట్టు" అంది. విమలమ్మ మూట గంపలో పెట్టింది. పోలీసు యాక్షన్ అయ్యాక ఆమె భర్త పర్వతాలు రెజిమెంటల్ బజార్‌లో బట్టల దుకాణం మళ్లీ తెరిచాడు, ఖద్దరు టోపీ పెట్టాడు. రజాకార్ల నుంచి తాను కాపాడిన కోట చూపిస్తానంటూ ఇద్దరు నాయకులను కారులో బయల్దేరదీశాడు.

అది అతని సొంతూరు. మద్రాసు రాష్ట్రం సరిహద్దుకు దగ్గర్లో, గుట్ట మీద, చుట్టూ రాతిగోడ. కిందటేడు సికింద్రాబాదులో ఉండలేక అందరూ అక్కడికే చేరారు. రజాకార్లు వస్తున్నారని తెలియగానే పర్వతాలు తల్లిని తీసుకుని సరిహద్దు దాటాడు. "గొడ్లున్నయి, గింజలున్నయి. ఇంటికాడ ఒకరుండాలె గద" అని విమలమ్మను వదిలేశాడు. గొడ్లతో, గింజలతో పాటు తానూ ఒక లెక్కేనని ఆమెకు ఆరోజే తెలిసింది. రజాకార్లు ఇళ్లు వెతికినప్పుడు దర్జీ ఫకీర్ భార్య ఖమర్ బీ ఆమెకు బురఖా తొడిగి, "నా చెల్లె, బుఖారొచ్చింది" అని జ్వరం వంక చెప్పి గుమ్మానికి అడ్డం నిలబడింది.

మగవాళ్లు చేతులూపుకుంటూ గుట్టెక్కారు. వెనక విమలమ్మ, నెత్తిన గంప.

"గీ దర్వాజ నేనే మూసిన" అన్నాడు పర్వతాలు కోట వాకిలి చూపిస్తూ. ఆపైన ఒక ఇంటి ముందు ఆగాడు. "ఇది రజాకార్ ఇల్లు. తాళమేసిన. ఇగ మనదే."

అది ఫకీర్ ఇల్లు. సైన్యం వచ్చాక ఎవరో అతన్ని ఈడ్చుకుపోయారు, అతను మళ్లీ రాలేదు. అరుగు మీద ఖమర్ బీ కూర్చుని ఉంది. విమలమ్మను చూసి తల దించుకుంది.

"అప్పుడు మీరు సరిహద్దవతల ఉన్నారా అమ్మా?" అని ఒక నాయకుడు మర్యాదగా అడిగాడు.

"లేదయ్యా. అవుతలికి పోయింది ఈయన. కోటల ఉన్నది నేను. నన్ను దాచింది ఈమె."

పర్వతాలు మొహం నల్లబడింది. "నోర్ముయ్. ఇంటికి రా, చెప్త నీ సంగతి."

"ఏ ఇంటికి?"

గంప దించి, గోడవార పడున్న రాయి ఎత్తి తాళం మీద వేసింది. రెండో దెబ్బకు ఊడింది. మగవాళ్లలో ఎవరూ కదల్లేదు. "రా అక్కా" అని ఖమర్ బీ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మగవాళ్లు దిగిపోయారు. గుట్ట కింద కారు హారన్ ఆమె కోసం మోగుతూనే ఉంది. విమలమ్మ తలుపు దగ్గరగా వేసి, లోపలి గడియ పెట్టింది.