సుబేదారి ఇంజిన్ రూమ్

ఖాజా మొహినుద్దీన్ పంతొమ్మిదేళ్లు ఓడల్లో పనిచేశాడు. ఓడల్లో అంటే డెక్కు మీద గాలి పీల్చుకుంటూ కాదు. అడుగున, ఇంజిన్ రూములో, చేతిలో నూనె డబ్బాతో. బొంబాయిలో ఓడ ఎక్కితే ఎనిమిది తొమ్మిది నెలల దాకా హనుమకొండలో తానుండే సుబేదారి వాడ ముఖం చూసేవాడు కాదు. చెవులు మందగించి, ఇక పనికిరావని డాక్టరు రాసిచ్చాక ఇంటికొచ్చి కూర్చున్నాడు. అలా కూర్చున్న మూడో నెలలో భార్య సుల్తానా బేగం, ఉల్లిగడ్డలు కట్టిన పేపరు విప్పి చదివి, "మన సుబేదారిలనే ఓడ పెడుతున్నరట," అంది.

"ఓడనా?"

"ఓడ బడి. రాజేశ్వర్ రావు సార్ పెడుతున్నడు. ఇంజిన్ రూముల ఆపద వస్తె ఏం చెయ్యాలెనో నేర్పిస్తరట."

అది 1982. రాజేశ్వర్ రావు ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఓడ ఉద్యోగాలకు గిరాకీ ఉందని ఎవరో చెబితే విని, మూతపడ్డ పత్తి జిన్నింగ్ మిల్లు ఒకటి కిరాయికి తీసుకుని "ఓరుగల్లు నౌకా శిక్షణాలయం" అని బోర్డు పెట్టాడు. ఊరి నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. ఆ పని ఆయన ఒకసారి చేశాడు కూడా. మేనల్లుడి పెళ్లికి విశాఖపట్నం వెళ్లి, పాంటు మడిచి, మడమలు తడిసేదాకా నీళ్లలో నిలబడి వచ్చాడు. శిక్షణాలయం ప్రిన్సిపాలుకు ఆ అనుభవం చాలనుకున్నాడు.

మొహినుద్దీన్ తన ఓడ పుస్తకం పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లాడు. రాజేశ్వర్ రావు అందులోని ముద్రలన్నీ తిప్పి చూశాడు. ఏడెన్, మొంబాసా, రాటర్‌డామ్.

"చదువు ఎంతదాక?"

"నాలుగో తరగతి సార్. ఉర్దూ మీడియం."

"అయితే అటెండర్," అన్నాడు రాజేశ్వర్ రావు, జాలిగానే.

మిల్లులో పాత ఆయిల్ ఇంజిన్ ఒకటి ఉండిపోయింది. దానికి బూడిద రంగు వేయించి, చుట్టూ నాలుగు గొట్టాలు బిగించి, దేన్నీ తిప్పని ఒక పెద్ద చక్రం గోడకు కొట్టించి "ఇంజిన్ రూమ్" అని తలుపు మీద రాయించారు. గోడకు పదకొండు గుండ్రటి కిటికీలు కోయించారు. మేస్త్రీ పన్నెండోది కోస్తుంటే మొహినుద్దీన్ ఉండబట్టలేకపోయాడు.

"సార్, ఇంజిన్ రూముకు కిటికీలు ఉండయ్. అది నీళ్ల కిందికి ఉంటది."

"మరి సముద్రం ఎట్ల కనబడాలె?"

"కనబడది సార్. పంతొమ్మిదేండ్లు నాకు కనబడలె."

రాజేశ్వర్ రావు ఆలోచించి పన్నెండోది ఆపించాడు. పదకొండు ఉండిపోయాయి.

పాఠం ఆయనే చెప్పేవాడు. కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఇంగ్లీషు పుస్తకాన్ని తానే తెలుగులోకి దించి, ఇరవై రెండు మంది విద్యార్థుల చేత వల్లె వేయించేవాడు. మొదటి చర్య: పై అధికారికి తెలియజేయవలెను. రెండవ చర్య: ఆజ్ఞ కొరకు వేచియుండవలెను. మూడవ చర్య: ఆజ్ఞ వచ్చువరకు తన స్థానమును విడువరాదు. నాల్గవ చర్య: పై అధికారి తగు చర్య తీసుకొనును. ఆ తగు చర్య ఏమిటో ఇంగ్లీషు పుస్తకంలో ఆరు పేజీలు ఉంది కానీ, అందులో బొమ్మలు, గొట్టాల పేర్లు ఎక్కువగా ఉండటంతో ఆయన దాన్ని ఒక వాక్యానికి కుదించాడు.

విద్యార్థుల్లో మొండయ్య అని తొర్రూరు దగ్గరి పత్తి రైతు కొడుకు ఉండేవాడు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో వాడిని మించినవాడు లేడు. రాజేశ్వర్ రావుకు వాడంటే ప్రాణం.

కొత్తగా కొన్న మంటలార్పే సిలిండర్లు నాలుగు, ఎర్రగా నిగనిగలాడుతూ ప్రిన్సిపాలు గదిలోని అద్దాల బీరువాలో ఉండేవి. అవి ఇంజిన్ దగ్గర ఉండాలి గదా అని మొహినుద్దీన్ అడిగితే, "అక్కడ పెడితే ఎవడన్న వాడుతడు," అన్నాడు రాజేశ్వర్ రావు.

మరుసటి ఫిబ్రవరిలో గుర్తింపు ఇచ్చేందుకు పట్నం నుంచి వెంకటేశ్వర్లు అనే పెద్దాఫీసరు వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. శిక్షణాలయం మొత్తానికి మళ్లీ రంగులు పడ్డాయి. ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టానికి మందపాటి ఆస్‌బెస్టాస్ తాడు చుట్టి ఉండేది. అది మసిబారి వికారంగా ఉందని విప్పించి, గొట్టానికి వెండి రంగు కొట్టించాడు రాజేశ్వర్ రావు. రంగు బ్రష్షుకు అడ్డం వస్తోందని డీజిల్ సన్నగొట్టాన్ని పెయింటరు పక్కకు వంచి, తర్వాత మళ్లీ యథాస్థానానికి వంచాడు.

మొహినుద్దీన్ అది చూసి ప్రిన్సిపాలు గదికి వెళ్లాడు.

"సార్, ఆ తాడు ఊరికె చుట్టలే. గొట్టం నిప్పులెక్క కాలుతది. డీజిల్ జర దాని మీద చిమ్మిందంటె అంటుకుంటది. ఓడలల్ల సగం మంటలు గిట్లనే వస్తయ్."

"ఒక్క పూట ఖాజా. ఇన్‌స్పెక్షన్ అయినంక మళ్ల చుడుదువు. ఇప్పుడు చూడు, ఎంత ముద్దుగున్నదో."

నిజంగానే ముద్దుగా ఉంది. ఆ సాయంత్రం మొహినుద్దీన్ మాత్రం ఎవరూ చెప్పకుండానే వెళ్లి, వెనక అరుగు మీదున్న డీజిల్ టాంకు దగ్గర డీజిల్‌ను ఆపే కుళాయి లాంటి కాక్ బిర్రబిగిసి ఉంటే, దానికి నూనె వేసి, నాలుగుసార్లు తిప్పి, మూసి తెరిచి చూశాడు.

ఆఫీసరు పదకొండు గంటలకు వచ్చాడు. శాలువా, పూలదండ, ఉపన్యాసం అయ్యాయి. ఇంజిన్ రూములో ఆయనకు కుర్చీ వేశారు. కార్యక్రమం ఏమిటంటే, ఇంజిన్ నడుస్తుండగా మూలన డబ్బాలో తడిగడ్డి రాజేసి పొగ పెడతారు. విద్యార్థులు నాలుగు చర్యలూ చేసి చూపిస్తారు. తర్వాత భోజనం.

ఇంజిన్ స్టార్టయింది. ఫ్యాన్లు తిరిగాయి. మొహినుద్దీన్ మిర్చి బజ్జీల ప్లేటు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పావుగంట గడిచింది. ఆయన చెవులు మందగించాయే గానీ ముక్కు మందగించలేదు. వేడి ఇనుము మీద డీజిల్ ఆవిరయ్యే వాసన నిద్రలో కూడా గుర్తుపడతాడు. వంచిన సన్నగొట్టం వంపు దగ్గర వెంట్రుకంత చీలింది. అక్కడి నుంచి డీజిల్ మంచు తుంపరలా లేచి వెండి గొట్టం మీద పడుతోంది. ఆయన నోరు తెరిచేలోపే అది భగ్గుమంది.

"భేష్," అన్నాడు వెంకటేశ్వర్లు. "నిజం మంట లెక్కనే ఉన్నది."

రాజేశ్వర్ రావు చిరునవ్వుతో తలాడించి మూల డబ్బా వైపు చూశాడు. డబ్బా ఇంకా వెలిగించలేదు. చిరునవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

ఒక విద్యార్థి ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. "సార్, ఇంజిన్ రూములో అగ్నిప్రమాదము సంభవించినది."

మిగతావాళ్లంతా రెండవ చర్య కింద నిటారుగా నిలబడ్డారు. ఇక మిగిలింది నాల్గవ చర్య. ముప్ఫై రెండేళ్ల సర్వీసులో తగు చర్య అనే మాట రాజేశ్వర్ రావు కొన్ని వందల ఫైళ్ల మీద రాశాడు. దాన్ని చేయాల్సినవాడు ఎప్పుడూ వేరే గదిలో ఉండేవాడు. ఆయన నిస్సహాయంగా వెంకటేశ్వర్లు వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు.

"సార్, అగ్నిప్రమాదము సంభవించినది."

వెంకటేశ్వర్లు ముచ్చటపడి చప్పట్లు కొట్టాడు.

మొహినుద్దీన్ ప్లేటు కింద పెట్టాడు. "అందరు బయటికి నడువుండ్రి," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే తొక్కిసలాట అవుతుందని తెలుసు. ఆఫీసరును కుర్చీలోంచి భుజం పట్టి లేపి తలుపు వైపు తిప్పాడు. ఒకడు బకెట్ నీళ్లు ఎత్తాడు. మొహినుద్దీన్ వాడి చేతిలోంచి బకెట్ గుంజుకున్నాడు. "నూనె మంట మీద నీళ్లు పోస్తె మంట ఎగిరి నీ మీద పడ్తది బిడ్డా. నడువు."

తలుపు పక్కనున్న ఫ్యాన్ల స్విచ్చులు ఆపి, వెనక అరుగు మీదికి పరుగెత్తాడు. కాక్ ఒక్క తిప్పుకు మూసుకుంది. లోపల ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తిరిగొచ్చి, ఆవరణలో గుంపుగా నిలబడ్డ విద్యార్థులను ఒక్కొక్కరి భుజం ముట్టి లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి.

మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటే.

ఎర్ర సముద్రంలో ఒకసారి ఇలాగే మంట లేచింది. అందరూ పైకొచ్చేశామనుకుని తలుపులు బిగించి, మంటనూ మనిషినీ ఊపిరాడనివ్వని గ్యాసు లోపలికి వదిలారు. గంట తర్వాత టీ పంచుతుంటే ఒక గ్లాసు మిగిలింది. అది రత్నగిరి అబ్బాస్ గ్లాసు. లెక్క ఎవరూ పెట్టలేదు. ఎవరో పెట్టి ఉంటారని ప్రతివాడూ అనుకున్నాడు. పదిహేనేళ్లయినా మొహినుద్దీన్ నలుగురు కూర్చున్న చోట మనుషులను లెక్కపెట్టకుండా ఉండలేడు. పెళ్లి భోజనాల్లో కూడా.

"ఎవడు లేడు?"

"మొండయ్య లేడు చిచ్చా. చక్రం కాడ నిలబడ్డడు," అన్నారు ఎవరో.

మొహినుద్దీన్ భుజం మీది తువ్వాలను ఆవరణలోని నీళ్ల కుండలో ముంచి ముఖానికి చుట్టుకుని, నేల మీద బోర్లా పడి లోపలికి పాకాడు. పొగ పైన ఉంటుంది, కింద జానెడు గాలి మిగులుతుంది. గోడ పట్టుకుని పాకుతూ పోతే చేతికి చెప్పుల కాళ్లు తగిలాయి. మొండయ్య చక్రం పట్టుకుని, కళ్లు మూసుకుని, దగ్గుతూ నిటారుగా నిలబడి ఉన్నాడు.

కాళ్లు గుంజి కిందపడేశాడు. "ఏం చేస్తున్నవ్ర ఈడ?"

"ఆజ్ఞ రాలే చిచ్చా."

"నేనిస్తున్న. పాకు."

ఇద్దరూ బయటపడ్డాక తలుపు మూయించాడు. మిల్లు గోనె సంచులు తడిపించి పదకొండు కిటికీల్లో కుక్కించాడు. అంతవరకూ కొలిమికి ఊదినట్టు ఆ కిటికీల గుండా గాలి లోపలికి పోతోంది. ఆఖరి సంచి కుక్కాక లోపలి వెలుగు తగ్గుతూ వచ్చింది.

ఈలోగా రాజేశ్వర్ రావు బీరువా దగ్గర ఉన్నాడు. తాళంచెవి ఇంట్లో ఉంది. మొహినుద్దీన్ వెళ్లి మోచేత్తో అద్దం పగలగొట్టి, సిలిండర్లు తెచ్చి తలుపు దగ్గర సిద్ధంగా పెట్టుకుని, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

అయిదు నిమిషాలకు రాజేశ్వర్ రావు వచ్చాడు. "ఇంక తియ్యి ఖాజా. సార్‌కు చూపియ్యాలె."

"తియ్య సార్. ఇనుము ఇంక ఎర్రగున్నది. గాలి తగిల్తె మళ్ల లేస్తది."

"నేను ప్రిన్సిపాల్‌ను చెప్తున్న."

"తెల్సు సార్," అన్నాడు మొహినుద్దీన్, కదలకుండా.

అంతవరకూ వేపచెట్టు నీడలో మెచ్చుకోలుగా చూస్తున్న వెంకటేశ్వర్లు అప్పుడు హఠాత్తుగా జేబులు తడుముకున్నాడు. "నా ఫైలు లోపలనే ఉన్నది," అన్నాడు. "ఫైలుకేం కాలేదు గదా?" విద్యార్థులు పొగ కారుతున్న తలుపు వైపు చూశారు. ఆయన ముఖంలో రంగు పోయింది. మంట నిజమైనదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

నలభై నిమిషాల తర్వాత మొహినుద్దీన్ తలుపు బెత్తెడు తీసి, అరచేతి వెనక భాగం ఆ సందుకు పెట్టి వేడి చూసి, మళ్లీ మూసి, మరో పది నిమిషాలు ఆగి తీశాడు. ఇంజిన్ నల్లగా మిగిలింది. ఫైలూ శాలువా బూడిదయ్యాయి. మనుషులంతా ఉన్నారు. ఆయన ఇంకోసారి లెక్కపెట్టి, వేపచెట్టు కింద కూలబడ్డాడు. మొండయ్య పక్కన కూర్చుని ఆయన కాలిన చేతులకు బర్నాల్ రాశాడు.

రెండు వారాలకు గుర్తింపు ఉత్తరువు వచ్చింది. నిజం మంట అని రాస్తే, చప్పట్లు ఎందుకు కొట్టావని ఎవరైనా అడుగుతారు. అందువల్ల వెంకటేశ్వర్లు ఇలా రాశాడు: "ప్రదర్శన అత్యంత వాస్తవికముగా నుండెను. ప్రిన్సిపాలుగారు చూపిన నిబ్బరము ప్రశంసనీయము." అదే టపాలో కాదు గానీ, అదే వారంలో మొహినుద్దీనుకు ప్రిన్సిపాలు దగ్గర్నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా ప్రయోగశాలలో ప్రవేశించుట, బీరువా అద్దము పగులగొట్టుట, గౌరవ అతిథిపై చేయి వేయుట. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

సుల్తానా బేగం మెమో చదివి వినిపించి, కలం తీసుకుంది. "ఏమని రాయాలె?"

మొహినుద్దీన్ మెమోను మడిచి పక్కన పెట్టాడు. "రాయి. నేను లోపలికి పోయినప్పుడు అనుమతి ఇచ్చేటోళ్లందరు బయటనే ఉన్నరు అని రాయి."

"గంతేనా?"

"అద్దం పగలగొట్టింది నిజమే అని గూడ రాయి."

రాజేశ్వర్ రావు ఆ కాగితం చదివి, సంతకం పెట్టి, తగు చర్య నిమిత్తం అని రాసి ఫైల్లో పెట్టేశాడు. ఆ ఫైలు తెరిచే ధైర్యం తర్వాత ఆయనకే కలగలేదు.

గుర్తింపు వచ్చిన శిక్షణాలయానికి ప్రాక్టికల్ ఇన్‌స్ట్రక్టరు ఉండాలని నియమం. డిగ్రీ తప్పనిసరి. బాటనీలో ఎమ్మెస్సీ చేసిన ఒక చురుకైన యువకుడు ఎంపికయ్యాడు. కొత్త ఇంజిన్ వచ్చింది. కానీ ఖాజా చిచ్చా లేకుండా ఆ గదిలో అడుగుపెట్టబోమని ఇరవై రెండు మందీ మొరాయించారు. మొదట మొరాయించింది మొండయ్యే. అది చూసి రాజేశ్వర్ రావు దిగివచ్చి, తలుపు పక్కన అటెండరుకు ఒక స్టూలు మంజూరు చేశాడు. మాట్లాడకూడదని షరతు.

మొదటి రోజు ఇన్‌స్ట్రక్టరు బోర్డు ముందు నిలబడి చెప్పాడు: "ఇంజిన్ రూములో మంట కనబడగానే గాలి ఆడేందుకు తలుపులన్నీ బార్లా తెరవాలి."

మొహినుద్దీన్ దగ్గాడు.

మొండయ్య రాసిన వాక్యం కొట్టేశాడు. పక్కవాడు చూసి తనదీ కొట్టేశాడు.

"మంట మీద వెంటనే నీళ్లు చల్లాలి."

మళ్లీ దగ్గు. ఈసారి ఇరవై రెండు కలాలూ ఒకేసారి గీత గీశాయి.

"ఏమయ్యా, దవాఖానకు పోరాదూ?" అన్నాడు ఇన్‌స్ట్రక్టరు చిరాకుగా.

"పోత సార్."

"సరే, రాసుకోండి. మంట ఆరిందని వెంటనే తలుపు తీయరాదు."

విద్యార్థులు కలాలు ఎత్తిపట్టి స్టూలు వైపు చూశారు. మొహినుద్దీన్ నేల చూస్తూ కూర్చున్నాడు. దగ్గు రాలేదు. ఇరవై రెండు మందీ తలలు వంచి రాసుకోవడం మొదలుపెట్టారు.