'దా' అన్న మాట

పావురం రెక్క.

ముందు ఆ చప్పుడు. తడి బట్టను ఎవరో టపటపా దులిపినట్టు.

తర్వాత నిశ్శబ్దం...

ఆ నిశ్శబ్దం నడుమ కుక్క నిలబడి ఉంటుంది. ముందరి కాలు ఒకటి గాలిలో. తోక బిగదీసిన దారం. ముక్కు పావురం వాలిన గోడ వైపు. ముక్కు నుంచి తోక దాకా ఒకే ఒక్క గీత.

ఇవతల మనిషి నిలబడి ఉంటాడు, చేతిలో నూలుతాడు పట్టుకొని.

"రా!"

కుక్క రాదు.

"కమాండో, రా!"

చెవి కూడా కదలదు.

ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో, ఆటోలు ఇంకా గొంతు సవరించుకోని పొద్దున, భానుచందర్ పిలుపు గోడకు తగిలి తిరిగి అతని దగ్గరికే వస్తుంది. పిలిస్తే వచ్చేది అదొక్కటే.

తుపాకీ వెంట నడిచే జాతి అది. తెల్లటి ఒంటి మీద ఇటుకరంగు చుక్కలు. పొదలో పిట్టను పసిగట్టి బొమ్మలా నిలబడాలి. ఇదిగో ఇక్కడుందని ఒంటితోనే చూపాలి. పిలిస్తే వెనక్కి రావాలి. మొదటి రెండూ పుట్టుకతో వస్తాయి. మూడోది మనిషి నేర్పాలి.

తుపాకీ లేదు. అడవి లేదు. వేట ఎప్పుడో నేరమైంది. భానుచందర్‌కు ఉన్నది పంజగుట్టలో ఒక టైలర్ షాపు, మెడలో టేపు, అమీర్‌పేట గల్లీలో హాస్టళ్ల నడుమ మూడో అంతస్తు ఇల్లు. సూటు కుట్టించుకున్న ఒకాయన బెంగుళూరుకు బదిలీ అయి పోతూ పోతూ ఈ పిల్లకుక్కను అప్పజెప్పాడు. "మస్తు తెలివిగలది అన్నా. జర మొండిది" అన్నాడు, తాళ్లతో సహా ఇచ్చి.

మొండిదైతే ఏం? సిరిసిల్లలో తాత కౌజుపిట్టల వేటకు పోయేవాడు. ఆయన ఈల వేస్తే చెలక చేను అవతలి నుంచి నాటుకుక్క ఉరికొచ్చేది. చిన్ననాడు చూసిన ఆ రాక భానుచందర్ కండ్లలో ఇంకా ఉంది. అంత దూరం నుంచి, దారిలో ఉన్న వాసనలన్నీ వదులుకొని, ఒక్క మనిషి కోసం రావడం...

అట్లా తన కోసం ఒక్కటన్నా రావాలి.

అంతే అతని కోరిక. పైకి చెప్పుకునేంత పెద్దది కాదు. మరిచిపోయేంత చిన్నదీ కాదు.

తాడు పొడుగ్గా వదిలాడు. జేబులో ఉడికించిన మేక కార్జం ముక్కలు పెట్టుకున్నాడు. ఫోను వీడియోలో ఎవరో చెప్పినట్టే చేశాడు — ఒక్క మాట పెట్టుకో, ఆ మాటే అను, వస్తే మెచ్చుకో. అతను పెట్టుకున్న మాట 'రా'.

తాడు లాగితే వచ్చింది. తాడు వదిలితే గాలిలో కలిసింది.

కార్జం చూపితే వచ్చింది. కార్జం తిన్నది. మూతి నాక్కుంటూ పోయింది.

మిగిలింది జేబుకు పట్టిన కంపు. కొలతలకు వచ్చినవాళ్లు ముక్కు అటు తిప్పుకుంటున్నారు.

అట్లా ఓడిపోయి ఇంటికి వస్తాడు రోజూ. కింద గేటు దగ్గర తాడు విప్పుతాడు. కుక్క అక్కడే చతికిలబడుతుంది. పిలిస్తే కదలదు. నెడితే కదలదు. అప్పుడు పైన తలుపు చప్పుడవుతుంది. ప్రమోద. అతని భార్య. పిట్టగోడ మీదుగా తొంగి చూస్తుంది. అరవదు. ముందు చిన్న ఊపిరి. తర్వాత —

"చుక్కా... దా..."

కుక్క మెట్లెక్కదు. మెట్లను మింగుతుంది.

కింద ఖాళీ తాడు. దాన్ని పట్టుకొని భానుచందర్.

కుక్క రాకపోతే వచ్చేది కోపం. కోపమైతే అరిస్తే పోతుంది. కుక్క ఇంకొకరి దగ్గరికి వస్తే పుట్టేది వేరు. ఎండుమిరపకాయ కడుపులో చిట్లినట్టు ఉంటుంది. నీళ్లు తాగితే ఇంకా మండుతుంది.

అతను పెట్టిన పేరు కమాండో. ఆమె పెట్టుకున్నది చుక్క.

అతను 'అది' అంటాడు. ఆమె 'వాడు' అంటుంది.

అన్నం గిన్నె అడుగున మాడు ఉంటుంది, ఎర్రగా, పెళుసుగా. అది గీకి, నెయ్యి పూసి ఒకప్పుడు అతని కంచంలో వేసేది. ఇప్పుడది వాడికి. కుక్క పండ్ల కింద మాడు కరకరలాడుతుంటే భానుచందర్ పెరుగన్నం కలుపుకుంటూ వింటాడు. మెత్తటి పెరుగన్నం. చప్పుడు లేని పెరుగన్నం.

టైలర్ కన్ను అది. నూలుపోగంత తేడా పట్టేస్తుంది. ఆమె నవ్వు తన వైపు తిరిగినప్పుడు ఎంత, చుక్క వైపు తిరిగినప్పుడు ఎంత... కొలిచాడు. ఆ కొలతలు ఎవరికి చెప్పుకుంటాడు? కుక్క మీద కుళ్లుకుంటున్నానని చెప్పుకుంటే అమీర్‌పేట అంతా నవ్వదా?

ఒకరోజు కుక్కను షాపుకు తీసుకుపోయాడు. ఆమెకు దూరంగా ఉంటే అన్నా వింటుందేమోనని. అది నేరుగా ఇస్త్రీ బల్ల కిందికి దూరి పడుకుంది. ఓదెలు కత్తెర ఆపి చూశాడు. ఓదెలు షాపులో కటింగ్ మాస్టర్, ఊర్లో ఒకే బడిలో చదివినవాడు.

"ఏం రా చందర్, వేటకుక్క అంటివి. గిది బల్ల కింద పన్నదేంది రా?"

"నీకేం తెలుసురా. దానిది పెద్ద జాతి."

"జాతి పెద్దదే రా. నీ మాటనే దాని ముంగట చిన్నగైంది. పిల్వు, సూద్దం."

"పోరా."

"నవ్వ గని పిల్వురా భాయ్. ఎవలన్న ఉన్నరా ఈడ?"

భానుచందర్ నోరు తెరిచాడు. 'రా' నాలుక మీదికి వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

ఏం రా. పన్నదేంది రా. తెలుసురా. పోరా. పిల్వురా.

బల్ల కింద కుక్క కన్ను మూసుకునే ఉంది.

ఎన్ని 'రా'లు! కత్తెర కింద రాలిన గుడ్డపేలికల్లా షాపంతా 'రా'లు. టీ తేరా. జరుగురా. ఆగురా. గల్లీలో 'రా', మెట్ల కాడ 'రా', ఫోనులో 'రా'. వచ్చిన కొత్తలో ప్రతి 'రా'కూ అది తల ఎత్తి చూసే ఉంటుంది. ఒక్కడూ దాని వైపు చూసి ఉండడు. చూసి చూసి, చెవులు దించేసుకుంది.

మొండిది కాదు అది. మోసపోయింది.

మరి 'దా'? ఉందా, తిన్నదా, పన్నదా అని ఆ చప్పుడు కూడా మాటల తోకకు వేలాడుతుంది కదా అని సరిపెట్టుకోబోయాడు. సరిపడలేదు. ప్రమోద 'దా' ఏ మాటకూ తోక కాదు. ముందు చిన్న ఊపిరి తీసుకొని, దారం వదిలినట్టు మెల్లగా వదులుతుంది. ఎవరినీ అట్లా పిలవదు. చుక్కనొక్కటే.

చుక్కనొక్కటే...

అక్కడ తగిలింది సూది. అసలు చోట.

ఆ 'దా' అతనిది.

అప్పుడు ఎర్రగడ్డలో ఒంటిగది కాపురం. మొగని పేరు నోట పట్టని కొత్త పెండ్లాం. సాయంత్రం గల్లీలో క్యారంబోర్డు చుట్టూ మగవాళ్లందరూ ఉంటే, గడప నుంచి ఒక ఊపిరి, ఒక మాట — "దా... అన్నం పెట్టిన." అందరి చెవినా పడేది. లేచేది ఒక్కడే. "తాడు గుంజిండ్రు, పోరా పో!" అని గల్లీ గల్లీ నవ్వేది. నవ్వితే నవ్వారు. చేతిలో స్ట్రైకర్ అట్లే పెట్టేసి పోయేవాడు. దారిలో ఏ వాసనా అతన్ని ఆపేది కాదు.

తర్వాత పంజగుట్ట షాపు. ఏసీ. ఆఫీసర్లు. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి, నలుగురి ముందు "దా, తిందువు" అన్నది. వాళ్లు పోయినాక అతను అన్నాడు — "దా ఏంది, గొడ్లను పిల్సినట్టు? రండి అనాలె."

ఆమె తల ఊపింది.

'రండి' అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. 'దా' అనీ అనలేదు. వంటయితే ఫోను ఒకసారి మోగి ఆగుతుంది. అదే పిలుపు. పేరు లేదు, ఊపిరి లేదు.

ఇన్నేండ్లూ ఆ మాట ఎక్కడున్నట్టు? ఏ చీర మడతలో దాచిందో. ఏ కలరా ఉండల వాసన నడుమ పెట్టిందో. చివరికి బయటికి తీసింది — కుక్కకు తొడిగింది. దానికి ఎంత బాగా సరిపోయిందో!

ఆ సాయంత్రమే అన్నాడు.

"దాన్ని 'దా' అనకు. ఇద్దరం రెండు మాటలంటె ట్రైనింగ్ ఖరాబైతది. నేను పెట్టింది 'రా'. నువ్వు సుత 'రా' అనే అను."

ప్రమోద బెండకాయలు కోస్తోంది. కత్తి ఆగింది.

"నాకు ఇంక ఎన్ని మాటలు బంద్ పెడ్తవు?"

అంతే. కత్తి మళ్లీ కదిలింది. టక్. టక్. టక్.

మాట అంటే మాటే ఆమెకు. మరునాటి నుంచి పిట్టగోడ మీదుగా తల వాలలేదు. ఊపిరి వినపడలేదు. కుక్క గేటు దగ్గర కూర్చొని పైకి చూసేది. చూసి చూసి, అతను మెడ పట్టి ఈడిస్తే ఎక్కేది. 'రా' అంటే రాలేదు. ఎవరి దగ్గరికీ రాలేదు.

గెలిచాడు భానుచందర్. తనకు రానిది ఆమెకూ రాకుండా చేశాడు.

ఆ గెలుపు జేబులో కార్జంలా కంపు కొట్టింది.

తర్వాత ఒక పొద్దున. ఎర్రమంజిల్ నుంచి తిరిగి వస్తున్నారు. పంజగుట్ట వైపు మెట్రో స్తంభం కింద ఎవరో జొన్నలు చల్లారు. పావురాలు వాలాయి. కుక్క నిలబడింది, కాలు ఎత్తి. పైన రైలు పోయింది. రెక్కలన్నీ ఒక్కసారి లేచాయి.

తాడు కొక్కెం ఊడింది.

తెల్లటి గీత ఒకటి రోడ్డు మీదికి పోయింది.

"రా! కమాండో! రా! రా!"

అవతలి నుంచి బస్సు. "ఏందిరా భాయ్, పక్కకు జరుగురా!" — ఆటోవాడు. రోడ్డంతా 'రా'లే. ఒక్కటీ దాని చెవికి ఎక్కదు.

ఒకే మాట ఎక్కుతుంది. అతనికి తెలుసు. ఆ మాట గొంతులో ఉంది, ముల్లులా, అడ్డంగా. వినడమే తప్ప ఆ మాటతో జన్మలో ఎవరినీ పిలవలేదు. అంటే ఒప్పుకున్నట్టు. అంటే ఆమెదే గెలుపు. ఒక్క లిప్త... అవును, ఆ లిప్త కూడా కుళ్లుకున్నాడు. బస్సు వస్తుంటే కుళ్లుకున్నాడు.

అప్పుడు ఊపిరి తీసుకున్నాడు. ఆమెలా.

"దా..."

మగగొంతులో, చిరిగి, బొంగురుగా.

ఒక చెవి తిరిగింది. తర్వాత తల. తర్వాత ఒళ్లంతా. బస్సు బ్రేకు కీచుమంది. ఆ కీచును దాటుకొని కుక్క వచ్చింది — ఉరికొచ్చింది, తాత చెలకలో లాగా, అన్నీ వదులుకొని.

వచ్చి, అతన్ని దాటిపోయింది.

అతని వెనక వెతికింది. స్తంభం చుట్టూ తిరిగింది. అటు చూసింది. ఇటు చూసింది. ఆమె లేదు. అప్పుడు మెల్లగా వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది, వేరే దిక్కు లేక.

రోడ్డు పక్కనే మోకాళ్ల మీద కూర్చొని మెడపట్టీ పట్టుకున్నాడు. ఊడిన కొక్కేన్ని మళ్లీ తగిలించాడు.

ఇంట్లో ప్రమోద చూడగానే అడిగింది.

"మోకాళ్లకు గీ దుమ్మేంది? ఏమైంది?"

"ఏం లేదు. తాడు ఊడింది. పిల్సిన. వచ్చింది."

"ఏమని పిల్సినవు?"

కుక్క ఇద్దరి నడుమ నిలబడి అతని మొహం చూసింది.

"...రా అని."

ఆమె కుక్కను చూసింది. అతన్ని చూసింది. టైలర్ పెండ్లాం. కుట్టు ఎక్కడ సాగిందో కనిపెట్టగలదు.

"మంచిదాయె" అన్నది.

పెదవి చివర ఏదో విచ్చుకుంది. లేదా అతనికి అట్లా తోచింది.

ఆ సాయంత్రం. మెట్రో లైను వెనక పొద్దు జారుతోంది. హాస్టలు కిటికీల్లో ఆరేసిన చున్నీలు ఊగుతున్నాయి. కుక్కను తిప్పుకొచ్చి, గేటు దగ్గర తాడు విప్పాడు. గోడ మీద పావురం ఒకటి. కుక్క బిగిసిపోయింది. ముందరి కాలు గాలిలో.

వంట వేళయింది. ఫోను మోగాలి.

మోగలేదు.

పైన తలుపు చప్పుడు. పిట్టగోడ. చిన్న ఊపిరి.

"దా..."

కమాండో లేదు. చుక్క లేదు. ముందు ఏ పేరూ లేదు. ఒట్టి 'దా'.

కుక్క చెవి ఒకటి తిరిగింది. కాలు మాత్రం దించలేదు.

భానుచందర్ కాలు లేచింది, మొదటి మెట్టు మీదికి. లేచి, ఆగింది.

దాన్నా? తననా?

దాన్ని అట్లా పిలవొద్దన్నాడు. ఆమె మాట తప్పే మనిషి కాదు. అయితే తననే... కాని పొద్దున అది వెతికిన తీరు కండ్లలో ఉంది. ఎక్కిపోయాక, ఆమె కూడా తనను దాటి, తన వెనక చూస్తే?

పైనుంచి మాడు గీకుతున్న చప్పుడు. కర్ర్... కర్ర్... కమ్మటి వాసన మెట్ల మీదుగా దిగి వస్తోంది.

కింద కుక్క కాలు గాలిలో.

పక్కన మనిషి కాలు గాలిలో.

పావురం రెక్క —

తడి బట్టను ఎవరో దులిపినట్టు...