ఎంక్వైరీ గారి పేజీ

“స్కానింగా? వెనక బిల్డింగ్ అమ్మా. మెట్లు దిగి కుడిచేతి పక్కకి వెళ్ళండి.”

ఈ మాట చెప్పడానికి ఆయన తలెత్తలేదు. ఒళ్లో తెరిచిన పుస్తకంలో వేలు పెట్టుకుని, అడిగినామె అడుగుల చప్పుడు దూరమయ్యాక మళ్ళీ అదే వాక్యం దగ్గర మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఎంక్వైరీ కౌంటర్లో కూర్చునే ఆయన అందరికీ ఎంక్వైరీ గారే. అసలు పేరు పెట్టి పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే, అదీ సంతకం కోసం. పొట్ట కాస్త ముందుకొచ్చి, కళ్ళజోడు ముక్కు కొసకు జారి, బల్లకు ఆనించి ఆనించి ఎడమ మోచేయి నల్లగా కాయకాచిన మనిషి.

పుస్తకం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. వెబ్ పేజీలను పనిచేయించే స్క్రిప్టు రాయడం ఎవరైనా ఇట్టే నేర్చుకోవచ్చని అట్ట మీద బల్లగుద్ది చెప్పారు. పాపం, రాసినవాళ్ళకు ఎంక్వైరీ గారి బుర్ర సంగతి తెలియదు. మొదట్లో ఒక్క ముక్క ఎక్కలేదు. అయినా వదల్లేదు, ఎందుకంటే కౌంటర్లు తీసేస్తారన్న మాట అప్పటికే ఆసుపత్రి అంతా గుప్పుమంది. కంప్యూటర్ గదిలో ఇంత చోటు దొరక్కపోతే, ఈ వయసులో తనను ఇంకెక్కడా గుమ్మం ఎక్కనివ్వరని ఆయన భయం. ఆ భయంలో అబద్ధమేమీ లేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య నీళ్ళ సీసా అందిస్తూ, “ఇవాళైనా వాళ్ళకి చూపిస్తారా, ఇంకా మురిపెంగా దాచుకుంటారా?” అంది.

“చూపిస్తాలే. నువ్వు నవ్వకు.”

“నవ్వట్లేదండీ. నాకూ గుండె దడగానే ఉంది.”

చూపించాల్సింది ఆయన రాసిన పేజీ. విభాగం పేరు కొడితే దారి చెబుతుంది. పుస్తకంలో ‘ఇఫ్’ దాకా వచ్చి ఆయన ఆగిపోయాడు. అడిగింది ఇదైతే ఇలా చెప్పు, అదైతే అలా చెప్పు. తను ఇన్నేళ్ళూ చేసింది అదేగా! ఇక తర్వాతి అధ్యాయాల జోలికి పోకుండా, గదికో ఇఫ్ చొప్పున ఆసుపత్రినంతా అందులోకి దించేశాడు. కంటి వార్డు దారిలో మెట్టు విరిగిందనీ, రక్తపరీక్షల గది భోజనాల వేళ మూస్తారనీ కూడా వదల్లేదు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు, కంప్యూటర్ గది అమ్మాయి వచ్చారు. కౌంటర్ మీది కంప్యూటర్‌లో అమ్మాయి ఆ ఇఫ్‌లను కిందికి జరుపుతూ, జరుపుతూ పోయింది.

“అంకుల్, ఇవన్నీ ఒక్కొక్కటే కొట్టారా? పట్టికలా పెట్టుకుంటే నాలుగు లైన్లలో అయిపోయేదండీ.”

“పట్టికలు తర్వాతి అధ్యాయంలో ఉన్నాయమ్మా. అంతదాకా పోలేదు.”

ఆ అమ్మాయి మంచిది, నవ్వు కనపడకుండా తల వంచుకుంది. సూపర్‌వైజరు ఎముకల వార్డు అని కొట్టాడు. దారి వచ్చింది. ఇంకేవేవో కొట్టాడు, అన్నీ వచ్చాయి.

“అద్భుతం అండీ! స్క్రీన్ అటు తిప్పేద్దాం, వచ్చినవాళ్ళే కొట్టుకుంటారు.”

ఎంక్వైరీ గారు గొంతు సవరించుకున్నాడు. “మరి నన్ను కంప్యూటర్ గదిలోకి...”

“డిగ్రీ లేందే అక్కడ కుదరదు కదండీ. కౌంటర్ నెలాఖరుకి తీసేద్దామనుకున్నాం. ఇది వచ్చేసిందిగా, ఇంకా ఆగడం దేనికి? రేపట్నుంచి మీకు ఈ తిప్పలు ఉండవు.”

తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. కోపం రాలేదు, సిగ్గేసింది. అద్భుతం అన్నప్పుడు నిజంగా పొంగిపోయాడు, ఇప్పుడు అదే ఎక్కువ బాధించింది. సాయంత్రం దాకా, అలవాటుగా తనవైపే వచ్చినవాళ్ళకు స్క్రీన్ చూపించాడు. డ్యూటీ అయ్యాక పుస్తకం, సీసా సంచిలో వేసుకుని, భార్యకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక కాసేపు గేటు దగ్గర నిలబడి, వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక ముసలాయన స్క్రీన్ ముందుకొచ్చి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ‘మా ఆవిడని మంచం మీంచి ఎక్కడికి తీసుకుపోయారు’ అని కొట్టాడు. దానికి ఎంక్వైరీ గారు ఇఫ్ రాయలేదు. ఏ ఇఫ్‌కూ అందని ప్రశ్న వస్తే చెప్పడానికి పేజీ అడుగున ఒకే ఒక్క వాక్యం పెట్టాడు. అది స్క్రీన్ మీద వెలిగింది: ‘దయచేసి పక్కన కూర్చున్నవారిని అడగండి.’

ముసలాయన పక్కకు తిరిగాడు. అక్కడ కుర్చీ ఉంది. దాని మీద, ఎంక్వైరీ గారు నడుము నొప్పికని మడిచి వేసుకున్న పాత దుప్పటి, మధ్యలో గుంటపడి ఉంది.