గాజుపోచ

కటర్ మొనను కిరసనాయిలులో ముంచి గాజక్క ఊపిరి బిగబట్టింది. ఎడమచేత్తో కొలబద్దను అదిమిపెట్టి, కుడిచేత్తో కటర్‌ను ఒక్క లాగున తన వైపు లాక్కుంది. కొత్తగుడ్డ చించినట్టు సన్నని చప్పుడు. గాజును బల్ల అంచుకు జరిపి, గీతకు అటూ ఇటూ బొటనవేళ్ళు ఆనించి వంచింది. టక్కుమని రెండైంది. అంచు తడిమి చూడనక్కర్లేదు. గీత నిలబడిందని చెవికే తెలిసింది.

స్నానాలగది కిటికీకి నాలుగు ముక్కలు. అవి కోసేస్తే ఆమె చెల్లెలి ఊరికి బస్సెక్కవచ్చు.

షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు ఓనరు. "ఇవాళ సెలవన్నావుగా అక్కా! హాయిగా పడుకోక పొద్దున్నే ఈ తద్దినం దేనికి?"

"నేను పడుకుంటే నువ్వు కోస్తావా? కిందటిసారి నువ్వు కోసినప్పుడు గాజు కంటే నీ వేలే చక్కగా తెగింది."

ఓనరు నవ్వి ఆ వేలు వెనక్కి దాచుకున్నాడు. గాజక్క ముక్కల మధ్య పాత కాగితాలు పెట్టి గోడకు ఆనించింది, చేతులు కడుక్కుని సంచీ తగిలించుకుంది.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. కుడిభుజం ఎడమదాని కంటే ఒక అంగుళం కిందికి వాలి ఉంటుంది. వేళ్ళ నిండా తెల్లని సన్నటి గీతలు. ఏ ఆఫీసులోనైనా వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెడితే ఆ యంత్రం ఆమెను మనిషిగా ఒప్పుకోదు. తల్లి పోయేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు, చెల్లెలికి ఎనిమిది. తండ్రి కిటికీలకు గాజు బిగించే పనివాడు. ఒక్కడి రెక్కల మీద ఇల్లు నడవక పెద్దదాన్ని బడి మాన్పించి ఈ దుకాణంలోనే పక్కన నిలబెట్టుకున్నాడు. "గీత ఒక్కసారే గియ్యాలి పెద్దమ్మడూ. రెండోసారి గీస్తే గాజు అలుగుతుంది" అని నేర్పాడు. చిన్నది చదువుకుంది. ఆఫీసులో ఉద్యోగం చేసింది, విసుగొచ్చి మానేసింది. ఎనిమిది వారాల తరగతికి వెళ్ళి రంగు గాజుముక్కలను కరెంటు కొలిమిలో కరిగించి అతికించడం నేర్చుకుంది. ఎనిమిది వారాలకే ఆమె కళాకారిణి అయింది. పెద్దది ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత కూడా గాజక్కే.

మోకాళ్ళు అరిగిపోయి నాలుగేళ్ళ కిందట తండ్రి చిన్నదాని ఇంటికి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే అదే పాట. "చిన్నమ్మడు చేసిన పళ్ళెం నువ్వు చూడాల్సిందే పెద్దమ్మడూ. నీళ్ళలో ఆకులు తేలుతున్నట్టే ఉందనుకో." గాజక్క ఊఁ కొట్టేది. ఇన్నేళ్ళలో తండ్రి ఆమె పనిని మెచ్చుకున్న మాట ఒక్కటే, "గీత నిలబడింది." అది కూడా మూడంటే మూడుసార్లు. ఆ మూడు రోజులూ ఆమెకు గుర్తే.

నిన్న సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు బస్సు మారే ఊళ్ళో కొలిమి గాజు అమ్మే దుకాణం ఉందట, కాస్త వెతికి పెట్టవా? అడుగున పరిచే తెల్ల షీటు పగలగొట్టుకున్నాను. కంటి ఆసుపత్రి గోడకి పెట్టే బొమ్మ. రేపు సాయంత్రం కొలిమి వెయ్యకపోతే మాట పోతుంది. షీటు మీద చీటీ చూడు, తొంభై అని ఉండాలి. మర్చిపోకు, తొంభై."

"గాజు కొనడం నువ్వు నేర్పాలా నాకు?"

"అబ్బే, అలా కాదులే అక్కా." చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు గాజక్క చెవిలో నలుసులా ఉండిపోయింది.

మారే ఊళ్ళో రెండో బస్సుకు గంటన్నర వ్యవధి ఉంది. గాజక్క అడుగుతూ బయల్దేరింది. ఒకాయన అద్దాలకు చట్రాలు కట్టే దుకాణానికి పంపాడు. అక్కడివాళ్ళు కప్పులూ సాసర్లూ అమ్మే చోటికి పంపారు. కప్పుల దుకాణంలో అమ్మాయి, "కరిగించే గాజా? ఎందుకండీ, బాగానే ఉన్నదాన్ని కరిగించడం!" అంది. గాజక్కకు ఆ పిల్ల నచ్చింది. చివరికి సైకిళ్ళు బాగుచేసే కొట్టు పక్కన ఇరుకుమెట్లు, పైన ఒక తలుపు, లోపల ఆ దుకాణం దొరికింది.

లోపలికి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయింది. గోడ పొడుగునా చెక్క అరల్లో గాజు షీట్లు పుస్తకాల్లా నిలువుగా నిలబడి ఉన్నాయి. తేనె రంగు, నెమలి మెడ రంగు, పండిన మిరపకాయ రంగు. కిటికీలోంచి పడ్డ ఎండ వాటి గుండా దూరి నేలమీద రంగురంగులుగా పరుచుకుంది. తన జీవితమంతా కోసింది తెల్లగాజు, మసకగాజు. ఆమె తేనె రంగు షీటును సగం బయటికి లాగి ఎండకు పట్టింది. చేయి పసుపై, ఆ గీతలన్నీ మాయమయ్యాయి. పద్నాలుగేళ్ళప్పుడు ఇది నా చేతిలో పెట్టి ఉంటే! ఆ ఆలోచన అంతకు మించి సాగలేదు. షీటును తిరిగి అరలోకి తోసింది.

"ఏం కావాలమ్మా?" తోలు చేతొడుగులు విప్పుతూ అడిగింది దుకాణం ఆవిడ. నెరిసిన జుట్టు, మెడలో వేలాడుతున్న కళ్ళజోడు.

"తెల్ల షీటు. ఇంత బై ఇంత." గాజక్క చేతులతో చూపించింది. కొలత అంగుళం తేడా రాదని ఆమెకు తెలుసు.

"తొంభయ్యా, తొంభై ఆరా?" రెండు షీట్లు తెచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టింది. మూలన ఉన్న చీటీ తప్ప ఏ తేడా లేదు. "వేడికి ఎంత సాగుతుందో, చల్లారితే ఎంత ముడుచుకుంటుందో చెప్పే అంకెలివి. తొంభైకి తొంభయ్యే జత. రెండు రకాలూ కలిపారనుకోండి, కొలిమిలో అన్యోన్యంగా కలిసిపోతాయి. చల్లారాక మొదలవుతుంది అసలు కాపురం. పగుళ్ళే పగుళ్ళు."

గాజక్క తల ఊపింది. అప్పుడే బల్ల వెనక గోడమీద ఫోటో కనిపించింది. చెల్లెలు. నీలం పళ్ళేన్ని గుండెకు ఆనించుకుని నవ్వుతోంది.

"ఆవిడ తెలుసా మీకు? మేం గాజు పంపే ఊళ్ళన్నిటిలో అంతటి చెయ్యి ఇంకొకటి లేదు. దైవమిచ్చిన చెయ్యి" అంది దుకాణం ఆవిడ.

"తెలీదు."

"మరి మీరేం చేస్తారు?"

"నేను కోస్తాను."

"కోసి?"

కోసి, కాగితాల మధ్య పెట్టి, గోడకు ఆనిస్తుంది. ఎవరో వచ్చి తీసుకెళ్ళి బిగిస్తారు. ఇక దాని గుండా బయటికి చూస్తారే తప్ప దాన్నెవరూ చూడరు.

"ఏది కట్టమంటారు?"

"తొంభై ఆరు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రెండో బస్సులో కిటికీ పక్కన కూర్చుని షీటును ఒళ్ళో పెట్టుకుంది. కాగితం మడత విప్పి మూలనున్న చీటీని గోటితో గీకింది. అది ఒక పట్టాన రాలేదు. తునకలు తునకలుగా లేచింది. తునకలన్నీ ఉండచేసి కిటికీలోంచి విసిరేసింది. వేలికొసన బంక మిగిలింది. చున్నీకి ఎంత తుడిచినా పోలేదు. ఆసుపత్రి గోడమీద బొమ్మ ఫట్టున పగలడం, జనం తలలు తిప్పడం, చెల్లెలి ముఖం పాలిపోవడం ఆమె ఊహించుకుంది. ఊహించుకున్నంతసేపూ చల్లగా, హాయిగా ఉంది. ఊరు దగ్గరపడగానే కాగితం మడతను మూలదాకా లాగి కప్పేసింది.

"వచ్చావా అక్కా! దొరికిందా? దొరికిందే!" చెల్లెలు చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తుకొచ్చి సంచీ అందుకుంది. "నువ్వు తలుచుకుంటే దొరకందేముంది! ఎంత చిక్కిపోయావే!"

కింద గది మొత్తం కొలిమి, బల్లలు, రంగుల డబ్బాలు. కిటికీ దగ్గర ఎత్తుపీట మీద తండ్రి. చిన్న గ్యాసు మంట ముందు కూర్చుని రంగుగాజు కొస కరిగించి, పట్టకారుతో లాగి, దారంలాంటి పోచలు తీస్తున్నాడు. చిన్నదాని బొమ్మల్లో గడ్డిపరకలకూ, పక్షుల కాళ్ళకూ అవి కావాలట. ఆయన ముఖంలో మునుపెన్నడూ చూడని తీరిక ఉంది. తనతో పనిచేసినప్పుడు ఆ ముఖం ఎప్పుడూ బిగుసుకునే ఉండేది.

"పెద్దమ్మడూ, ఎండన పడి వచ్చావు. కూర్చో" అన్నాడు.

చెల్లెలు కాగితం విప్పి షీటును ఆయన ముందు పెట్టింది. ఆయన అలవాటుగా బొటనవేలితో నాలుగంచులూ తడిమాడు. నాలుగో మూల దగ్గర వేలు ఆగింది. కాస్త అతుక్కుని విడింది.

"చీటీ ఏది?"

"దారిలో ఊడిపోయినట్టుంది." గాజక్క నీళ్ళ గ్లాసు ఎత్తుకుంది.

తండ్రి ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. "అంచున వేలెడు బద్ద కోసియ్యి" అన్నాడు.

"నాన్నంతే అక్కా," చెల్లెలు నవ్వింది. "ఎవరు తెచ్చిన గాజైనా సరే, మన గాజుతో కలిపి పోచ లాగనిదే కొలిమిలోకి రానివ్వడు. పోచ నిటారుగా ఉంటే రెండూ చుట్టాలు. వంగిందా, పగవాళ్ళే."

గాజక్కకు ఈ సంగతి తెలియదు. కిటికీ గాజును ఎవరూ పోచ లాగి చూడరు. తండ్రి కటర్ అందించాడు. ఒకప్పుడు తనకు చేయి పట్టి నేర్పిన కటరే, పిడి అరిగిపోయింది. ఆమె మొనను నూనెలో ముంచింది. చేతికి తెలిసింది ఒక్కటే పని. టక్కుమని బద్ద విడివడింది.

తండ్రి దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "గీత నిలబడింది" అన్నాడు.

నాలుగోసారి. ఆమె తల వంచుకుని మెట్లెక్కి పైన వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెల్లెలు వెనకే వచ్చి కబుర్లు చెబుతూనే ఉంది. గాజక్క చెవులు మాత్రం కింది గదిలోనే ఉన్నాయి. గ్యాసు మంట బుస వినిపించింది, ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఇప్పుడు పిలుస్తాడు. ఇద్దరినీ పిలిచి చూపిస్తాడు.

భళ్ళున పగిలిన చప్పుడు.

పరుగెత్తి వెళ్ళేసరికి తండ్రి ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. కాళ్ళ ముందంతా గాజు. బద్ద కూడా అందులోనే కలిసిపోయింది.

"జారిపోయిందే చిన్నమ్మడూ. చేతులు వణికాయి."

"దెబ్బ తగిలిందా? కదలకు నాన్నా, కదలకు." చెల్లెలు చీపురు తెచ్చింది. "పోచ లాగావా?"

"ఇంకా లేదు. ఈలోపే..."

గాజక్క ఆయన చేతుల వైపు చూసింది. యాభై ఏళ్ళు మేడల మీద, నిచ్చెనల మీద గాజు మోసిన చేతులు. ఒక్క పలక జారవిడిచి ఎరగవు. వయసు అనుకుంది. గండం గడిచింది అనుకుంది. గుండె తేలికపడింది, వెంటనే సిగ్గేసింది. అంత ఖరీదైన షీటు పగిలినా చెల్లెలు ఒక్క మాట అనకుండా నవ్వుతూ ఊడుస్తుంటే అది చూసి కూడా కుళ్ళుకుంది.

"పెద్దమ్మడూ, మళ్ళీ బస్సుందా?" తండ్రి అడిగాడు. "ఇంకొకటి తెచ్చిపెట్టు తల్లీ. చెల్లి మాట పోతుంది."

"ఇప్పుడే వచ్చింది నాన్నా, నేను వెళ్తాలే."

"నువ్వుండు. గాజు పెద్దదానికే తెలుసు."

ఆ మాట నెత్తిన పెట్టుకుని గాజక్క గంట ప్రయాణం వెనక్కి చేసింది. ఇరుకుమెట్లెక్కింది. దుకాణం ఆవిడ గుర్తుపట్టి, "తొంభై ఆరేగా?" అంది.

"కాదు, తొంభై." డబ్బులిచ్చి, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. గోడ వైపు చూపించి, "ఆ పిల్ల మా చెల్లెలు" అంది.

తిరుగుబస్సులో షీటును ఒళ్ళో పెట్టుకుని, చీటీ ఉన్న మూలను అరచేత్తో కప్పి ఉంచింది. వెళ్ళగానే నాన్నతో చెప్పేయాలి. ఆయన తిడతాడు, తిట్టనీ. తిట్టయినా అది తన ఒక్కదానిదే కదా.

ఎండ వాలుతుండగా ఇల్లు చేరింది. తలుపు బార్లా తెరిచి ఉంది. నలుగురైదుగురు ఇరుగుపొరుగువాళ్ళు వాకిట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, ఆమెను చూసి పక్కకు జరిగారు. తండ్రి మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు.

"పడుకుంటానన్నాడక్కా." చెల్లెలి మాట వెక్కిళ్ళలో తెగిపోతోంది. "పెద్దమ్మడు వచ్చిందా, వచ్చిందా అని రెండుసార్లు అడిగాడు. మంచినీళ్ళు తెమ్మన్నాడు. రెండు గుక్కలు తాగాడు. గ్లాసు పెట్టి తిరిగేసరికి..."

ఆ రెండు గుక్కలూ కూడా దీని చేత్తోనే! అంత దుఃఖంలోనూ ఆ మంట ముందుగా ఎగసింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. షీటును జాగ్రత్తగా గోడకు ఆనించి, గాజక్క మంచం పక్కన కూలబడింది.

చాలాసేపటికి చెల్లెలు దిండు పక్కనున్న కళ్ళజోడు పెట్టె తీసి అక్క చేతిలో పెట్టింది. "పడుకునే ముందు ఇది పెద్దదానికివ్వమన్నాడు. ఆయన కళ్ళజోడు నీకెందుకో నాకర్థం కాలేదు. నేను తెరిచి చూడలేదు."

గాజక్క మూత తీసింది. లోపల కళ్ళజోడు లేదు. అది ఆయన జేబులోనే ఉంది. తుడుచుకునే మెత్తటి గుడ్డ నాలుగు మడతలుగా ఉంది. మడతలు విప్పింది.

బెత్తెడు గాజుపోచ. వెంట్రుక కంటే కాస్త లావు, కొడవలిలా ఒక పక్కకు వంగి, ఎక్కడా విరగకుండా.