సంతకాల కింద ఖాళీ లేదు

నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. పంచాయతీ ఆఫీసు మా నడవలో ఉంది. నిన్న సాయంత్రం అది తనంతట తానే నడిచి వచ్చింది. తీర్మానం ఉంది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

సర్పంచి గవరయ్య గారు మా మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయనను మేమే ఓట్లేసి గెలిపించుకున్నాం. మా ఊరి పద్ధతిలో సభ్యులు ముందు ఖాళీ పేజీ అడుగున సంతకాలు పెడతారు. పైన తీర్మానం తర్వాత రాస్తారు. చేతిరాత బాగుంటుందని ఆ పని నాకిచ్చారు.

మొదటి తీర్మానంతో ఊరి నీడలన్నీ ఆయన పేరుకు మారాయి. ఎండలో ఎవరు నడిచినా వెనక ఆయన నీడే పడుతుంది. రెండో తీర్మానానికి తలుపుల లోపలి గడియలు పాలపళ్ళలా ఊడి, పాక్కుంటూ వెళ్ళి ఆయన జేబులో చేరాయి. రెండుసార్లూ కోరం సరిపోయింది.

ఈ రోజు పేజీలో వార్డు సభ్యుడైన మా నాన్న సంతకం ఒక్కటే మిగిలింది.

"పైన ఏం రాస్తారు బావా?" అంటాడు నాన్న.

"నువ్వు పెడితేగా రాసేది."

"వంకాయ కొన్నా పుచ్చు చూసుకునే కొంటాం గదా అన్నయ్యా," అంటుంది అమ్మ.

"వంకాయకి కోరం అక్కర్లేదు చెల్లెమ్మా."

నాన్న నా వైపు చూస్తాడు. తీర్మానం ఏమిటో నాకు తెలుసు. ఇకనుంచి ఊరందరికీ సర్పంచి గొంతు ఒక్కటే చాలునని పొద్దున్నే చీటీ ఇచ్చారు. సంతకాలు పూర్తికాకుండా లోపలి సంగతి చెప్పకూడదన్నది పోయిన నెల తీర్మానం. అదీ నేనే రాశాను. నేను ఇంకో చిక్కుడుకాయ తీసుకుంటాను.

నాన్న సంతకం పెడతాడు.

నేను చేతులు తుడుచుకుని రాస్తాను. ఒక్క కొట్టివేత కూడా లేదు.

అమ్మ నోరు తెరుస్తుంది. "అందరికీ సమ్మతమే," అంటుంది గవరయ్య గారి గొంతుతో. మంచం మీద ఆయన పెదవులు కదల్లేదు.

నాన్న పెదవులు బిగించి లేస్తాడు. కండువా కూడా తీసుకోకుండా గడప దాటతాడు.

వీధిలో ఊరంతా వరుసలో నిలబడి ఉంది. ఒక్కొక్కరి దోసిట్లో నీళ్ళు లేకుండా ఒక చిన్న చేప, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నాన్న దోసిలి పట్టి చివర నిలబడతాడు. బిగించిన పెదవులు విడగానే ఆయన చేతుల్లోకీ ఒకటి జారుతుంది. వరుస ఊరి చెరువు వైపు కాదు, పంచాయతీ ఆఫీసున్న మా ఇంటి వైపు కదులుతుంది.