నాలుగో చుట్టం

2007 ఏప్రిల్లో, ఏలూరు కాలేజీలో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా. మండవల్లిలో మా ఇంట పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. వైవాలో మంచి మార్కులొస్తేనే హైదరాబాదు ల్యాబులో పరిశోధనకు సీటు.

బాక్టీరియాలో ఒక ఎంజైము దెబ్బతిన్న డిఎన్‌ఏను బాగుచేస్తుంది. మనిషి ఒంట్లో దానికి చుట్టాలున్నాయి, అంటే దాని పోలికున్న ఎంజైములు. కొన్నిటి పని తేలింది, కొన్నిటిది తేలలేదు. నా వంతుకు నాలుగోది వచ్చింది. ఆ ఎంజైము లేని బాక్టీరియాలో ఈ చుట్టాన్ని పెట్టి, డిఎన్‌ఏను పాడుచేసే మందు వేశాను. చుట్టం బాగుచేస్తే బాక్టీరియా బతకాలి. ఎన్నిసార్లు వేసినా అవి చచ్చిపోయాయి.

మా గైడు సత్యనారాయణమూర్తి గారు దిగులుపడ్డారు. "చుట్టమే కదా నిస్సీ. 'బాగుచేస్తుందనిపిస్తోంది' అని ఒక్క ముక్క రాసెయ్యమ్మా. సీటు పోతుంది."

"చెయ్యలేదు కదండీ, సార్."

'ఈ పరీక్షలో మరమ్మతు కనబడలేదు. అసలు పని ఇంకా తెలియదు' అనే రాశాను.

వైవాకు ఎగ్జామినరుగా విశాఖ నుంచి ఉమాకుమారి గారు వచ్చారు. "ఇంతకీ ఇదేం చేస్తుందమ్మా?"

"తెలియదండి."

వెనక బెంచీలో కిసుక్కుమన్నారు.

"అదేంటి? చుట్టాలన్నాక పోలిక ఉండదూ?"

"పోలికుందండి. పని ఒకటే కానక్కర్లేదండి. మా సారు వాళ్ల తాతగారు పురోహితులు. సారేమో ఎంజైములు చెబుతారండి."

"నేను మంత్రాలు చదివితే ఆ పెళ్లి నిలబడదండీ!" అన్నారు సారు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

"మందు ఎక్కువై చచ్చాయేమో?"

"మరమ్మతు చేస్తుందని తేలిన రెండో చుట్టాన్ని కూడా పక్కనే పెట్టానండి. మందు అంతే వేశాను. ఆ ప్లేటులో బాక్టీరియా పెరిగాయండి."

"నీ నాలుగోది అసలు తయారైందా?"

"అయిందండి. ప్రోటీన్లను విడదీసి చూపే జెల్ మీద దాని గీత చూశాను." ప్లేట్ల ఫొటో, జెల్ ఫొటో ముందు పెట్టాను.

ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "తెలియదు అనడానికి ఇంత పనిచేసిన పిల్లను నేనింతవరకు చూడలేదండి మూర్తి గారూ. క్లాసులో ఫస్టు మార్కు ఈ అమ్మాయిదే. సీటుకు సిఫారసు నేను రాస్తాను."

సీటు ఖాయమయ్యాక వచ్చిన ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల వేళ, మా అమ్మ కృపమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి లేపింది. పాస్టరు కృపానందం అయ్యగారు అడిగారు, "ఏం కార్యం జరిగిందమ్మా?"

"తెలియదని నిజం చెప్పానండి. ఆ తెలియనిది వెతకడానికే సీటిచ్చారండి."

"స్తోత్రం!" అని చర్చి మారుమోగింది. అందరికంటే గట్టిగా అరిచింది మా అమ్మే.